బోర్డ్ గేమ్స్ పిచ్చి గురించి నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

పుట్టిల్లు గుంటూరు బ్రాడీపేట, మెట్టినిల్లు విజయవాడ సత్యనారాయణపురం. ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. 2011 నుంచి బోర్డ్ గేమ్స్ ఆడుతున్నాను. పెళ్లిళ్లలో, స్టాఫ్ రూములో, మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో అందరూ అవే ప్రశ్నలు అడుగుతారు, నేనూ అవే జవాబులు చెప్పి చెప్పి అలిసిపోయాను. అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇకమీదట ఎవరైనా అడిగితే ఇదే పంపిస్తాను, ఏమీ అనుకోవద్దు.

ఈ వయసులో మీకివేం ఆటలండీ?

నలభై ఆరేళ్లు నాకు. రోజూ రాత్రి వరసగా రెండు సీరియళ్లు చూసేవాళ్లని ఈ ప్రశ్న ఎవరూ అడగరు. తరవాతి ప్రశ్న.

లూడో, బిజినెస్, వైకుంఠపాళి లాంటివేగా?

పెట్టె చూస్తే అలాగే ఉంటుంది, తేడా కూర్చుని ఆడితే తెలుస్తుంది. వైకుంఠపాళిలో మనం చేసే పనేమిటో ఒక్కసారి ఆలోచించండి. పందెం వేస్తాం, పడినన్ని గళ్లు జరుపుతాం, నిచ్చెన ఉంటే పైకి, పాముంటే కిందకి. మన బదులు పక్కింటి పిల్లాడు కూర్చున్నా జరిగేది అదే. బిజినెస్‌లో కాస్త ఆలోచన ఉంది గానీ గంట తిరక్కుండా ఒకళ్లు దివాలా తీస్తారు, ఇక మిగతావాళ్లు ఆడుతుంటే గోడకానుకుని చూస్తూ కూర్చోవాలి. మా ఇంట్లో అలా కూర్చునేది ఎప్పుడూ నేనే. బ్యాంకు మా అన్నయ్య చేతిలో ఉండేది, అదెందుకో ఇప్పుడు అర్థమవుతోంది.

ఆ బిజినెస్‌కి మూలం మోనోపలీ, దాని కథ తెలిస్తే నవ్వొస్తుంది. లిజీ మాగీ అనే అమెరికా ఆవిడ 1904లో 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్' అని పేటెంట్ తీసుకుంది, స్థలాలున్నవాడు అద్దెల మీద అద్దెలు లాగి మిగతావాళ్లని ఎలా పిండేస్తాడో జనానికి చూపించడానికి. తీరా 1935లో పార్కర్ బ్రదర్స్ దాన్ని పోలిన ఆటనే మోనోపలీ అని అమ్మితే, ఆ పిండడమే జనానికి సరదా అయిపోయింది. విజయవాడ పటమటలో అద్దెకి ఇల్లు వెతికినవాళ్లకి ఆ పాఠం వేరే అక్కర్లేదనుకోండి.

నేను ఆడేవాటిలో ఎక్కువ జర్మనీ పద్ధతివి. అక్కడ 1979 నుంచి ఏటా ఒక ఆటకి 'ష్పీల్ దెస్ యారెస్' అని బహుమతి ఇస్తున్నారు, 'ఈ ఏటి ఆట' అన్నమాట. ఈ పద్ధతి ఆటల్లో మామూలుగా మధ్యలో ఎవరినీ బయటకి పంపరు, గంటా గంటన్నరలో అయిపోతుంది, ప్రతి వంతులోనూ 'ఇదా, అదా' అని తేల్చుకోవాల్సింది ఏదో ఒకటి ఉంటుంది. ఆ తేల్చుకోవడమే ఆట. పాచిక ఉన్నా అది మన బదులు ఆడదు.

అసలెలా అంటుకుంది?

2011 సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా పెదనాన్నగారి అబ్బాయి సూట్‌కేసులో, చాక్లెట్లకీ షాంపూ సీసాలకీ అడుగున, ఒక పెద్ద అట్టపెట్టె బయటపడింది. కటాన్. క్లాస్ టాయిబర్ అనే జర్మన్ ఆయన చేసిన ఆట, 1995లో వచ్చింది, ఆ ఏటి బహుమతి కూడా దానికే. ఆయన అసలు వృత్తి డెంటల్ ల్యాబులో పని. 2023లో పోయారు.

ఆరు భుజాల అట్టముక్కలు 19 పేర్చి ఒక దీవి చేస్తారు. ఒకటి అడవి, ఒకటి పొలం, ఒకటి గొర్రెల బీడు, అలాగన్నమాట. ఎడారి తప్ప ప్రతిదాని మీదా ఒక నంబరు బిళ్ల ఉంటుంది. రెండు పాచికలు వేసి ఎంత కూడితే ఆ నంబరున్న చోట పంట పండుతుంది, పక్కన ఎవరి ఊరుంటే వాళ్లకి కార్డు. ఆ కార్డులు పెట్టి రోడ్లు, ఊళ్లు కట్టుకోవాలి. 10 పాయింట్లు ముందు ఎవరికొస్తే వాళ్లు గెలిచినట్టు.

నాకు ఒళ్లు ఝల్లుమన్నది ఆ నంబరు బిళ్ల చూసి. నంబరు కింద చిన్న చిన్న చుక్కలున్నాయి. 6 కింద అయిదు, 8 కింద అయిదు, 2 కింద ఒకటి, 12 కింద ఒకటి. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి, అందులో మొత్తం 6 వచ్చేవి అయిదు, 12 వచ్చేది ఒక్కటే. 7 అన్నిటికన్నా ఎక్కువ, ఆరు రకాలు, అందుకే దానికి బిళ్ల లేదు, అది పడితే దొంగ అనే పావు కదులుతుంది. అప్పటికి ఎనిమిదేళ్లుగా పిల్లలు ఆవలిస్తుంటే బోర్డు మీద నేను రాస్తున్న లెక్క, ఎవరో అట్టముక్క మీద చుక్కలు పెట్టి ఆటలో కూర్చోబెట్టారు.

ఇక చూడండి నా ధీమా. 6, 8 దగ్గరే ఊళ్లు కట్టాను. ఆ రాత్రి 6 రెండే సార్లు పడింది. చిత్తుగా ఓడిపోయాను. మా అన్నయ్య మాత్రం చుక్కల సంగతి పట్టించుకోకుండా అందరితో బేరాలాడి గెలిచేశాడు. లెక్క తప్పు కాదు, యాభై అరవై పందేల్లోనే అది నిజమై తీరాలని రూలేమీ లేదు, అంతే. ఆ మాట క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో, నాకు మాత్రం ఆ రాత్రే ఎక్కింది.

డబ్బులు పెట్టి ఆడతారా? అంటే, పేకాట లాంటిదా?

పెట్టం. ఒక్క రూపాయి కూడా.

ఈ ప్రశ్న ఒకసారి మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటుగారు స్వయంగా పైకొచ్చి అడిగారు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి మా తలుపు బయట ఎనిమిది జతల చెప్పులు, లోపలి నుంచి 'వెయ్, వెయ్' అని అరుపులు, ఆయన తప్పేం లేదు. లోపలికి తొంగి చూస్తే టేబుల్ మీద గొర్రె బొమ్మల కార్డులు. 'ఇదేంటమ్మా' అని కూర్చున్నారు. గంట తరవాత ఆయన మా ఆయనతో 'రెండు గొర్రెలిస్తాను, ఇటుక ఇవ్వవయ్యా' అని బతిమాలుకుంటున్నారు. మళ్లీ ఫిర్యాదు రాలేదు.

చట్టం సంగతి అడిగేవాళ్లూ ఉన్నారు. పదమూడు ముక్కల రమ్మీలో నైపుణ్యమే ముఖ్యమని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది, ఆ కేసు మన రాష్ట్రందే. 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివాటిని మన రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. మాది ఆ దారే కాదు. పాయింట్లు రాసే కాగితం కూడా మర్నాడు పాలపొంగు తుడవడానికి వెళ్లిపోతుంది.

మీ ఇంట్లో ఎన్ని పెట్టెలున్నాయి? ఎంత తగలేశారు?

43. ఆడేవి పదకొండు. మొత్తం ఎంతైందో మా ఆయన కూడా చదువుతారు కాబట్టి ఇక్కడ రాయను. ఒక్కో పెట్టె రెండు వేల నుంచి అయిదు వేల దాకా ఉంటుంది, విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ వేరే. ఒకసారి ఆత్రం ఆపుకోలేక బయట దేశం నుంచి నేరుగా తెప్పించుకుంటే డ్యూటీతో కలిపి ధర దాదాపు రెట్టింపైంది, పైగా పెట్టె మూల చొట్టబోయి వచ్చింది. కొరియర్ వాళ్లని అడిగితే 'లోపల సరుకు బాగానే ఉంది కదా మేడమ్' అన్నారు.

ఇన్నేళ్లకి నాకు తెలిసిందేమిటంటే, కొనడం ఒక హాబీ, ఆడడం ఇంకో హాబీ. రెండూ ఒకటే అనుకుని నాలుగేళ్లు మోసపోయాను. అటక మీద ప్లాస్టిక్ కవరు కూడా విప్పని పెట్టెలు మూడున్నాయి.

ఎవరితో ఆడతారు?

ఇదీ అసలు ప్రశ్న. పెట్టె మీద '3 నుంచి 4 మంది' అని చాలా తేలిగ్గా అచ్చువేస్తారు. విజయవాడలో ఆ నాలుగో మనిషిని పదేళ్ల పాటు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆ పెట్టె చేసినవాళ్లకేం తెలుసు.

మొదట్లో మేం నలుగురం. నేను, మా ఆయన, మా కాలేజీ ఫిజిక్స్ సారు, కెమిస్ట్రీ మేడమ్. (మా దగ్గర పేర్లుండవు, సబ్జెక్టులే.) ఆదివారం సాయంత్రం నాలుగింటికి మొదలుపెడితే ఎనిమిది దాకా. మూడేళ్లు బ్రహ్మాండంగా సాగింది. అప్పుడు ఫిజిక్స్ సారుకి హైదరాబాదులో ఇంకో కాలేజీ వాళ్లు జీతం పెంచి ఇస్తామన్నారు, కూకట్‌పల్లి వెళ్లిపోయారు. ఆయన చోట్లోకి కింది ఫ్లోరు బ్యాంకాయన వచ్చారు, ఆటకి నెమ్మది, కాఫీకి తొందర, అయినా మంచి మనిషి. రెండేళ్లకి ట్రాన్స్‌ఫర్. తరవాత నా పాత స్టూడెంట్ ఒకబ్బాయి, ఇంజనీరింగ్ చదువుతూ ఆదివారాలు వచ్చేవాడు, భలే తెలివైనవాడు, వాడు వస్తుంటే నేను కొత్త ఆటలు కొనడం మొదలుపెట్టాను. వీసా వచ్చింది, వెళ్లిపోయాడు. వెళ్లేముందు ప్యాకింగ్ హడావుడిలో కూడా వచ్చి ఒక ఆట ఆడి వెళ్లాడు. వాళ్లమ్మ ఫోన్ చేసి 'టీచర్‌గారూ, వాడింకా బట్టలు సర్దుకోలేదండీ' అంటే నాకు సిగ్గేసింది.

ఈ ఊళ్లో బాగా ఆడగలిగేవాళ్లందరూ ఎక్కడికో వెళ్లాల్సినవాళ్లే. వెళ్లేలా చదువు చెప్పేదీ నేనే.

వాడు వెళ్లాక ఆర్నెల్లు కుర్చీ ఖాళీ. ముగ్గురం ఆడాం గానీ రుచి లేదు. ఒక ఆదివారం కటాన్ పరుచుకుని కూర్చుంటే, పక్కన వత్తులు చేసుకుంటున్న మా అత్తయ్య 'ఆ గొర్రె ఇచ్చేస్తే నీకే నష్టం కదుటే' అంది. ఆవిడ మా ఆట చూస్తోందని కూడా మాకు తెలీదు.

మీ అత్తగారు నిజంగానే ఆడతారా?

ఆడడం కాదు, మమ్మల్ని ఆడిస్తుంది.

ఆవిడకి డెబ్భై నాలుగు. పుట్టిల్లు అవనిగడ్డ దగ్గర. చిన్నప్పుడు వామనగుంతల్లో ఆవిడతో ఎవరూ కూర్చునేవాళ్లు కాదట. మా ఇంట్లో ఇప్పటికీ ఆ చెక్క ఉంది, ఏడేసి గుంతలు రెండు వరసలు, గుంతకి అయిదేసి చింతపిక్కలు. మామూలు మనిషి గుంతలో చెయ్యి పెట్టాక లెక్కపెట్టుకుంటాడు. అత్తయ్య చెయ్యి పెట్టకముందే ఆఖరి గింజ ఎక్కడ పడుతుందో, దాని పక్క గుంతలో ఎన్ని కొట్టుకోవచ్చో చూసేసి, అప్పుడు తీరిగ్గా చీరకొంగు సర్దుకుని పంచుతుంది. ఆవిడ కొంగు సర్దుకుందంటే మన పని అయిపోయిందని అర్థం.

అదే లెక్క అజూల్‌లో పనికొచ్చింది. మిఖాయెల్ కీస్లింగ్ చేసిన ఆట, 2017లో వచ్చింది, మరుసటి ఏడు బహుమతి. అయిదు రంగుల పలకలు, రంగుకి 20 చొప్పున 100, గుడ్డసంచీలో ఉంటాయి. ఒక రంగు ఎంచుకుంటే ఆ గుత్తిలో ఆ రంగువన్నీ తీసుకోవాల్సిందే, ఎక్కువైతే నేల పాలు, పాయింట్లు పోతాయి. అత్తయ్య తనకి కావాల్సినవి తీసుకోదు. పక్కవాడికి అక్కర్లేనివి వాడి వంతుకి మిగిలేలా చూస్తుంది. కెమిస్ట్రీ మేడమ్‌కి ఒకసారి ఏడు నీలాలు ఒకేసారి అంటగట్టి, 'పాపం' అని నిజంగానే బాధపడింది.

కటాన్‌లో ఆవిడ బేరం రైతుబజార్ బేరమే. రెండు గొర్రెలకి ఒక ఇటుక కుదిరాక, కార్డు చేతిలో పడేముందు, 'ఒక ధాన్యం కొసరు వెయ్యి' అంటుంది. కొసరు అనేది రూలు పుస్తకంలో లేదత్తయ్యా అంటే, 'ఇవ్వకూడదని ఉందా?' అని అడిగింది. వెతికాం. బేరంలోనే కలిపి ఇస్తే తప్పని ఎక్కడా దొరకలేదు. ఇప్పుడు మా ఇంట్లో కొసరు మామూలే.

మరి మన పాత ఆటలెందుకు ఆడరు?

ఆడతాం. పులి మేక నాకు ప్రాణం, మూడు పులులు, పదిహేను మేకలు, ఇద్దరికి అంతకన్నా బాగా కుదిరిన ఆట తక్కువ. ఒకళ్లు తినడానికి ఆడితే ఇంకొకళ్లు కదలనివ్వకుండా కట్టడానికి ఆడతారు, ఇద్దరి ఆటా వేరు. పాత గుళ్ల అరుగుల మీద చెక్కిన గీతలు చూస్తే ఎండ తగ్గేదాకా అక్కడ ఎవరెవరు కూర్చున్నారో అనిపిస్తుంది. అష్టాచెమ్మా మాత్రం నాకు అంతగా ఎక్కదు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, బోర్లా పడితే అష్టా, రెంటికీ మళ్లీ పందెం. అత్తయ్య గవ్వలకి అష్టాలు అనుమానంగా ఎక్కువ పడతాయి. గవ్వ అనేది రూపాయి బిళ్ల కాదు, రెండు వైపులా సమానంగా పడదు, అరిగిన గవ్వ మరీను. తొండి అనను. అన్నంత పనీ ఒకసారి చేశాను, ఆ రోజు చారులో ఉప్పు లేదు.

అత్తయ్యకి ఇంగ్లీషు రాదు కదా, కార్డులెలా చదువుతారు?

మంచి ప్రశ్న, ఎవరూ అడగరు గానీ నేనే రాసుకుంటున్నాను. కార్డు మీద పేరాలకి పేరాలు ఇంగ్లీషు ఉండే ఆటలన్నీ అటకెక్కాయి. మొదట్లో బాధేసింది, అవే ఖరీదైనవి. రంగులు, బొమ్మలు, అంకెలతో నడిచేవి మిగిలాయి. నిజం చెప్పాలంటే అవే మంచి ఆటలు.

'కోడ్‌నేమ్స్' ఒక్కటి వదలలేక తెలుగులోకి దించాం. ఆటేమిటంటే, టేబుల్ మీద 25 మాటలు పరుస్తారు, మీ జట్టువాళ్లు ఏవి ముట్టుకోవాలో మీకు తెలుసు, ఒక్క మాట, ఒక్క అంకె చెప్పి వాళ్ల చేత ఊహింపజేయాలి. నల్ల మాట ముట్టుకుంటే ఆట అక్కడికక్కడే పోయినట్టు. పాత ప్రశ్నపత్రాల వెనక అత్తయ్యా నేనూ కూర్చుని రెండొందల మాటలు రాశాం. మొదటి రోజే కెమిస్ట్రీ మేడమ్ 'బందరు, రెండు' అంది. ఆవిడ ఉద్దేశం లడ్డు, రోడ్డు. బెజవాడలో పుట్టి పెరిగిన మా ఆయన లడ్డు ముట్టుకుని, రోడ్డు వదిలేసి, ధీమాగా 'కాలువ' మీద వేలు పెట్టారు. అదే నల్ల మాట. బందరు కాలువ మన ఇంటికి దగ్గరగా, రోడ్డు దూరంగా ఉందని ఆయన వాదన. ఇప్పటికీ ఒప్పుకోరు.

ఎండాకాలం ఎలా ఆడతారు?

ఫ్యాన్ గురించి అడుగుతున్నారన్నమాట. బోర్డ్ గేమ్స్‌కి విజయవాడలో మొదటి శత్రువు సీలింగ్ ఫ్యాన్. మేలో ఫ్యాన్ అయిదు మీద లేకపోతే మనిషి నిలవడు, అయిదు మీద ఉంటే కార్డు నిలవదు. రెండు మీద పెట్టి, కార్డుల కట్టల మీద చింతపిక్కలు బరువు పెట్టి, చెమటలు కక్కుతూ ఆడాం చాలా ఏళ్లు. ఇప్పుడు ఏసీ గది. కరెంటు పోతే హైవ్ ఆడతాం, 2001లో వచ్చింది, ఇద్దరి ఆట, బోర్డు లేదు కార్డు లేదు, 22 బరువైన నల్లా తెల్లా పురుగుల బిళ్లలు, తుఫాను గాలికీ కదలవు. గుంటూరు వెళ్లే ప్యాసింజర్‌లో కూడా సీటు మీద పెట్టుకుని ఆడొచ్చు. చుట్టూ చేరినవాళ్లు సలహాలివ్వడం మొదలుపెడతారు, అంతకన్నా ఇబ్బంది లేదు.

రెండో శత్రువు పునుగులు. నూనె చేత్తో కార్డు ముట్టుకుంటే ఆ వేలిముద్ర జన్మలో పోదు, ఆ తరవాత కార్డు బోర్లా పెట్టినా ఏదో అందరికీ తెలిసిపోతుంది. అందుకని ఆరింటికి ఆట ఆపి, తిని, సబ్బుతో కడుక్కుని మళ్లీ కూర్చుంటాం. టిష్యూతో తుడుచుకున్నాను అంటే ఒప్పుకోను.

ఒక ముక్క పోతే పెట్టె మొత్తం దండగేనా?

కాదు. కార్కసాన్ అనే ఆటలో మనిషి ఆకారం చెక్క పావులుంటాయి, మీపుల్ అంటారు, రంగుకి 8 చొప్పున అయిదు రంగులు. మా అక్క మనవడికి మూడేళ్లు, ఆటలో అరటిపండుగా పక్కన కూర్చోబెట్టాం. లేచేసరికి ఒక ఆకుపచ్చ మీపుల్ లేదు. వాడిని అడిగితే పొట్ట చూపించాడు. రెండు రోజులు ఇల్లంతా టెన్షన్, వివరాలు రాయను. ఏమీ బయటపడలేదు.

పావు కోసం కొండపల్లి వెళ్లాను. బొమ్మలు చేసే ఒక పెద్దాయనకి మిగతా ఏడూ చూపిస్తే తిప్పి తిప్పి చూసి, 'ఇది దశావతారాల్లో ఏదమ్మా?' అన్నాడు. తెల్ల పొణికి చెక్క తుండు తీసి, నేను చూస్తుండగానే చెక్కేశాడు. పొణికి ఎంత తేలికంటే అరచేతిలో పెడితే ఉన్నట్టే ఉండదు. రంగు కలిపి వేశాడు గానీ మిగతావాటికన్నా ఒక పిసరు చిలకపచ్చ, పొట్ట కూడా కొంచెం ముందుకొచ్చింది. డబ్బులు తీసుకోనంటే ఎద్దుబండి ఒకటి కొన్నాను. నాలుగు నెలలకి అసలు మీపుల్ వాషింగ్ మెషీన్ ఫిల్టర్లో దొరికింది. దాన్ని పెట్టెలో వేయలేదు. కొండపల్లివాడే ఆడుతున్నాడు, వాడెవరికి వస్తే వాళ్లు గెలుస్తారని కెమిస్ట్రీ మేడమ్ నమ్మకం. సైన్స్ టీచరు.

పిల్లలకి నేర్పిస్తే బ్రెయిన్ షార్ప్ అవుతుందా? ర్యాంకులొస్తాయా?

పేరెంట్స్ మీటింగులో కనీసం ఒక్కరైనా అడుగుతారు. రావండీ. ర్యాంకు కోసమైతే ఆ గంట లెక్కలు చేయించండి, లేదా పడుకోనివ్వండి, పాపం వాళ్లకి నిద్ర తక్కువ. ఓడిపోయి కూడా మళ్లీ కూర్చోవడం కొంచెం అలవాటవుతుంది, అదీ గ్యారంటీ ఇవ్వలేను, మా ఆయనకి ఇంకా అలవాటవలేదు.

కోనేరు హంపి ఊళ్లో ఉండి చెస్ ఆడరా?

ఆడను. గుడివాడలో పుట్టి విజయవాడలో పెరిగిన హంపి, 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. గుంటూరు నుంచి హరికృష్ణ, హారిక. మన వైపు చదరంగానికి ఇంత పేరుందని నాకూ గర్వమే. కానీ చెస్‌లో ఇద్దరి మధ్యా మాట ఉండదు. నాకు బేరం కావాలి, గొడవ కావాలి, 'నన్నెందుకు కొట్టావు, వాడు గెలుస్తుంటే?' అనే ఏడుపు కావాలి.

లాక్‌డౌన్‌లో ఏం ఆడారు?

ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం కాబట్టి అజూల్ అరిగిపోయేలా ఆడాం. 'పాండెమిక్' అని 2008 నాటి ఆటొకటి ఉంది, మ్యాట్ లీకాక్ చేసింది. 48 నగరాల మ్యాపు, అందులో చెన్నై కూడా ఉంటుంది, అందరూ ఒక జట్టుగా నాలుగు జబ్బులతో పోరాడాలి. అంతకుముందు ఇష్టంగా ఆడేవాళ్లం. 2021 మేలో ఒకసారి మూత తీసి, ఆ రంగు ఘనాలు చూసి, మళ్లీ మూత పెట్టేశాం.

మీ ఇంట్లో ఆ చార్టు మీద గీసిన రైలు మ్యాపు ఏంటి?

దీనికి కొంచెం పెద్ద జవాబు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి ఊళ్లోకి వచ్చింది. కెమిస్ట్రీ మేడమ్ వాళ్లది సింగ్‌నగర్, కింది ఫ్లోరు. వాళ్లు పైవాళ్లింట్లో రోజుల తరబడి ఉన్నారు, పడవలో వచ్చిన పాలు, నీళ్లతో. నీళ్లు తీశాక మేం వెళ్లేసరికి గోడ మీద నా భుజం ఎత్తున మట్టి గీత. ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. ముందు సర్టిఫికెట్లు, తరవాత పట్టాదారు పుస్తకం, తరవాత పెళ్లి ఆల్బమ్, ఆ వరసలో డాబా మీద ఆరబెట్టాం. ఆవిడ దగ్గర నావి ఆరు ఆటలున్నాయి. వాటి ఊసు ఎత్తడానికి కూడా నాకు నోరు రాలేదు.

నాలుగో రోజు ఆవిడే ఒక బేసిన్ తెచ్చింది. టికెట్ టు రైడ్ పెట్టె. అలన్ మూన్ చేసిన ఆట, 2004, రంగు కార్డులు కూడబెట్టి ఊరి నుంచి ఊరికి చిన్న చిన్న ప్లాస్టిక్ రైలు పెట్టెలు పేర్చే ఆట, మనిషికి 45. బోర్డు తడిసి మడతకాజాలా పొరలు పొరలుగా విచ్చుకుపోయింది. కార్డులు ఒకే ముద్ద. రైళ్లు మాత్రం ఉన్నాయి. బురద. ఇల్లంతా కడగాల్సి ఉండగా ఆ మనిషి డాబా మీద గొంతుక్కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో రైలూ తోమి, రంగుల వారీగా పేపరు మీద వరసలు పెట్టింది. నేను కూడా ఒక బ్రష్ తీసుకుని కూర్చున్నాను. ఏం మాట్లాడుకున్నామో గుర్తు లేదు, చీపుళ్ల ధర పెరిగిందని ఏదో అనుకున్నట్టున్నాం.

దసరా సెలవుల్లో ఆ రైళ్ల కోసం చార్టు కొని మన మ్యాపు గీశాం. మధ్యలో బెజవాడ. ఇటు గుంటూరు, తెనాలి, రేపల్లె. అటు గుడివాడ, అక్కడ చీలి ఒకటి మచిలీపట్నం, ఒకటి భీమవరం. పైకి కొండపల్లి, ఖమ్మం. ఏలూరు, రాజమండ్రి. గుంటూరు నుంచి నడికుడి. ఊళ్ల పేర్లన్నీ తెలుగులో, అత్తయ్య దస్తూరీలో. కార్డులకి రెండు పేకదస్తాల మీద రంగు స్టిక్కర్లు అంటించాం, అసోసియేషన్ ప్రెసిడెంటుగారు చూస్తే ఈసారి మాత్రం ఏం చెప్పాలో తెలీదు.

ఒక పెద్ద లోపం వచ్చింది. రేపల్లెలో పట్టాలు ఆగిపోతాయి, మచిలీపట్నంలోనూ అంతే. ఆ ఊళ్లకి దారి వేయమనే టికెట్లు చేతికొస్తే అందరూ నిట్టూర్చడమే, వెళ్లిన దారినే రావాలి, ఎవరో ఒకరు మధ్యలో అడ్డం పడితే ఇక గతి లేదు. నేను పాయింట్లు మార్చి చూశాను, కుదర్లేదు. అత్తయ్య స్కెచ్ పెన్ను తీసుకుని మచిలీపట్నం నుంచి కిందకి అవనిగడ్డకి ఒక గీత, అక్కడి నుంచి కృష్ణ దాటించి రేపల్లెకి ఇంకో గీత గీసింది. అవనిగడ్డకి రైలెక్కడుంది అత్తయ్యా, దాని కోసం ఎప్పటి నుంచో అడుగుతూనే ఉన్నారు కదా అంటే, 'ఇక్కడైనా వెయ్యవే' అంది.

వేశాక ఆట బాగుపడింది. రెండు చివర్లూ కలిసి చుట్టు దారి ఏర్పడింది, ఇప్పుడు అందరూ ముందు దాని కోసమే ఎగబడతారు. కృష్ణ మీద పెనుమూడి దగ్గర వంతెన రెండు రైళ్ల పొడుగు, అది మాత్రం ఎప్పుడూ అత్తయ్యే కట్టేస్తుంది, మేం పోటీ పడం.

ఫోన్లో ఆడుకోవచ్చు కదా ఇవన్నీ?

కొన్ని ఉన్నాయి. ఫిజిక్స్ సారుతో నెలకోసారి అలాగే ఆడతాను. ఆయన ఆలోచిస్తున్నాడో అన్నం తింటున్నాడో తెలీదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఏది కొనాలి?

మీ ఇంట్లో కూర్చునేది ఎవరో చూసుకుని కొనండి, పేరు చూసి కొనకండి. ఇంగ్లీషు చదవలేని పెద్దవాళ్లుంటే అజూల్. బేరాలు, అరుపులు ఇష్టమైతే కటాన్, కానీ ముగ్గురికి తక్కువైతే వద్దు. ఇద్దరే అయితే హైవ్, లేదంటే సుద్దముక్కతో పులి మేక గీసుకోండి, ఖర్చు సున్నా. మొదటి నెలలోనే రెండోది కొనకండి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

మేమూ ఒక ఆదివారం రావచ్చా?

రండి. నాలుగింటికి, ముందు ఫోన్ చేసి. చెప్పులు లోపల రాక్‌లో పెట్టండి, గుమ్మం బయట వద్దు. రూలు పుస్తకం చదివి రానక్కర్లేదు, మా రూళ్లు ఎలాగూ వేరు. అత్తయ్య మిమ్మల్ని మొదట అడిగేది 'ఏ ఊరమ్మా మీది?' అని. చార్టు మీద మీ ఊరు లేకపోతే స్కెచ్ పెన్ను ఆవిడ దగ్గరే ఉంటుంది, పట్టాలు ఎటు నుంచి వేయాలో మాత్రం మీరే చెప్పాలి.